గ్రేవీ కారే ప్లేటు

ఓరిన్ హాగన్ నుదుటి మీద అర్ధచంద్రంలాంటి గాటు పడింది. వంటింట్లో అలమర తలుపు కొట్టుకుందని భార్య ఆర్డిస్‌తో చెప్పాడు. చెప్పేశాక గుర్తొచ్చింది, ఒంటిచేత్తో తీసి వెయ్యడం కష్టంగా ఉందని ఆ తలుపులన్నీ కిందటేడు తనే ఊడబీకి షెడ్డులో పడేశాడని. ఆర్డిస్ అలమర వైపు ఒకసారి, అతని మొహం వైపు ఒకసారి చూసింది. అయోడిన్ సీసా తెచ్చి గాటు తుడిచి కట్టు కట్టింది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఏది అడగాలో, ఏది అడక్కుండా వదిలెయ్యాలో తెలుస్తుంది.

కొట్టింది తలుపు కాదు, రివాల్వర్. దాని సంగతి చెప్పాలంటే ముందు ఓరిన్ ఎడమచేతి సంగతి చెప్పాలి. లార్చ్ క్రీక్ రంపపుమిల్లులో ముప్పై ఎనిమిదేళ్ళు రంపాలకు పదును పెట్టిన చెయ్యి అది. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కాలు ఆర్నెల్లలో దారికొచ్చింది, చెయ్యి రాలేదు. ఛాతీ దాకా లేచి అక్కడ ఆగిపోతుంది, వేళ్ళు కాఫీ కప్పు కూడా పట్టవు. రైఫిల్ అంటే రెండు చేతుల పని. పదహారో ఏటి నుంచి ఒక్క ఏడూ తప్పకుండా వేట క్యాంపుకు వెళ్ళినవాడు రెండు అక్టోబర్లు ఇంట్లో ఉండిపోయాడు. జింకల సీజన్ మొదలయ్యే శనివారం తెల్లారకముందే కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డు మీద పోయే ప్రతి పికప్ బండీ ఎవరిదో చూసేవాడు. ఆ రోజు ఆర్డిస్ రేడియో పెట్టేది కాదు.

క్యాంపులో మిగతావాళ్ళు ముగ్గురు. మిల్లులో ఓరిన్ పక్క బల్ల దగ్గర పాతికేళ్ళు పనిచేసిన లైల్ పెట్రీ, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అతని చెల్లెలు నోరీన్, దుంగల లారీ తోలే వెల్డన్. వీళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. రైఫిల్‌కు రెండు చేతులు కావాలి, పిస్తోలుకు ఒకటి చాలు. కాబట్టి ఓరిన్‌కు మంచి వేట రివాల్వర్ కొనిపెడితే సరి. లెక్క ఎంత తేలిగ్గా ఉందో చూడండి. అరిచెయ్యంత పిస్తోలు వేరు, ఎల్కు లాంటి గుర్రమంత దుప్పిని పడగొట్టే రివాల్వర్ వేరు అన్నది ఆ తేలికైన లెక్కలోకి రాలేదు.

సెప్టెంబరులో ఊళ్ళోని హోటల్లో భోజనానికి పిలిచి, బల్ల మీద ఒక చెక్కపెట్టె పెట్టారు. లోపల నీలం వెల్వెట్ గుడ్డ మీద రివాల్వర్ పడుకుని ఉంది. ఏడున్నర అంగుళాల గొట్టం, ఐదు తూటాల చక్రం, వాల్‌నట్ పిడి. చక్రం తిప్పితే వచ్చిన చప్పుడు వినగానే ఓరిన్ అది చేసినవాడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. ఇనుముతో బతికిన మనిషికి ఇనుప పనితనం ఎలాంటిదో ఎవరూ చెప్పక్కర్లేదు. గొట్టం కింద సన్నటి అక్షరాలు చెక్కించారు: "ఓరిన్ హాగన్, క్యాంపుకి రా."

అలాంటిది కొనాలంటే మంచి కండిషన్లో ఉన్న పాత బండి అమ్ముకోవాలి. నోరీన్ షెడ్డులో ఉండే, మంచు మీద నడిపే స్నోమొబైల్ బండి కిందటి నెలలోనే కనపడకుండా పోయింది. అడిగితే, మోకాళ్ళ నొప్పి, ఇక దాని మీద ఎక్కే ఓపిక లేదంది. ఓరిన్ రివాల్వర్ పిడిని నిమురుతూ కూర్చున్నాడు. ఆ ఉద్వేగంలో కొన్ని విషయాలు చూసీ పట్టించుకోలేదు. లైల్ భోజనం బల్ల దగ్గర కూడా టోపీ తియ్యలేదు. నోరీన్ కుడి మణికట్టుకు పట్టీ ఉంది, ఫోర్క్‌లిఫ్ట్ స్టీరింగ్ బిగుసుకుపోయి బెణికిందట. వెల్డన్ ఏం మాట్లాడినా "ఆఁ?" అంటూ చెవి ముందుకు చాపాడు.

మర్నాడు ఓరిన్ పాత కంకర గుంట దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. పిడి మోకాళ్ళ మధ్య ఇరికించి తూటా పెట్టాడు, చెయ్యి చాపాడు, కాల్చాడు. చెయ్యి మోచేతి దగ్గర మడతపడి, రివాల్వర్ గాల్లోకి లేచి వెనక్కి వచ్చి, యజమాని నుదుటి మీద సంతకం చేసింది. ఓరిన్ కంకర మీద చతికిలపడి కొంతసేపు ఆకాశం చూశాడు.

అయినా వదల్లేదు. రోజు మార్చి రోజు వెళ్ళాడు. దాని గుణాలూ దోషాలూ అన్నీ తెలిశాయి. ఛాతీ మీద తోలుపట్టీలో వేలాడితే చేతికర్ర పట్టుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉంటుంది, అది గుణం. పొదల్లో కొమ్మలకు చిక్కుకోదు. ఎలుగుబంటి ఎదురొచ్చినా వెనకడుగు వెయ్యక్కర్లేదు. ఇక దోషాలంటారా, ఒక్కో తూటా ఖరీదుకు హోటల్లో గుడ్లూ కాఫీతో కడుపునిండా టిఫిన్ వస్తుంది. ఎంత దూది పెట్టుకున్నా సాయంత్రం దాకా చెవుల్లో కీచురాళ్ళు అరుస్తాయి. మణికట్టు వాచిపోతుంది. అన్నిటికన్నా పెద్ద దోషం పదో రోజున బయటపడింది. అతని చేతిలో జంకు పుట్టింది. ట్రిగ్గర్ నొక్కబోయే క్షణంలో, రాబోయే దెబ్బకు భయపడి, చెయ్యి దానంతటదే ముందుకు తూలుతోంది. కళ్ళు మూసుకుంటున్నాయి. పదిహేను అడుగుల్లో ఉన్న డబ్బా కూడా తగలడం లేదు.

ఆ చక్రంలోనే పాతకాలపు పొట్టి తూటాలు కూడా పడతాయని, అవి మెత్తగా పేలతాయని రివాల్వర్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో రాసి ఉంది. ఓరిన్ ఆ పేజీ చదివి మూసేశాడు. వాళ్ళు అంత పెట్టి కొన్నది ఎల్కును పడగొట్టే తుపాకీ, పెట్టెతో పాటు పెద్ద తూటాల డబ్బాలు నాలుగిచ్చారు. అందులో మెత్తటివి పెట్టుకు కాల్చడమంటే, మీరిచ్చింది నాకు చాతకాలేదని వాళ్ళ మొహం మీదే చెప్పడం. నోరీన్ ఖాళీ షెడ్డు గుర్తొచ్చినప్పుడల్లా అతని నోరు పడిపోయేది. కృతజ్ఞత అంటే నోరు మూసుకోవడమే అనుకున్నాడు, పాపం.

కానీ క్యాంపులో ప్లేటు ఉంది. ముప్పై ఏళ్ళ కిందట ఓరిన్ అత్యాశతో చాలా దూరం నుంచి కాల్చాడు, ఆడజింక కడుపులో తగిలింది. రెండు రోజులు నెత్తురు చుక్కలు పట్టుకుని తిరిగాడు, దొరకలేదు. ఆ జింక ఎక్కడో పొదలో ఎంతసేపు బాధపడి చచ్చిందో అన్న ఆలోచన ఇప్పటికీ అతన్ని వదల్లేదు. ఆ మర్నాడే అతను ఒక నియమం పెట్టాడు. సీజన్‌కు ముందురోజు మధ్యాహ్నం ప్రతివాళ్ళూ పేపర్ ప్లేటును చెట్టుకు కొట్టి, తాము ఎంత దూరం నుంచి వేటాడదలిచారో అక్కడ నిలబడి మూడు గుళ్ళు కాల్చాలి. మూడూ ప్లేటులో పడితే అదే వాళ్ళ దూరం, అంతకు మించి కాల్చకూడదు. ఒక్కటి తప్పినా, మళ్ళీ కాల్చి నెగ్గేదాకా క్యాంపులో కూర్చుని వంట చెయ్యాలి. ఆ రాత్రి భోజనం ఎవరి ప్లేటులో వాళ్ళే తినాలి. నెగ్గినవాళ్ళ ప్లేటుకు మూడు చిల్లులుంటాయి కాబట్టి గ్రేవీ కారి ప్యాంటు పాడవుతుంది. ఆ మరకలు క్యాంపులో పతకాలతో సమానం. తప్పినవాడు శుభ్రంగా తింటాడు, అదే వాడికి శిక్ష.

ఇప్పుడు తన నియమమే తన మెడకు చుట్టుకుంది. తప్పితే వంటవాడవుతాడు, ఈ జంకు పోకపోతే మూడో ఏడు కూడా అడవి లేదు. అదృష్టం కొద్దీ మూడూ తగిలితే అది ఇంకా ప్రమాదం, జంకే చెయ్యితో ప్రాణమున్న జింక మీద గురి పెట్టాలి. ఏది జరగాలని కోరుకోవాలో తెలియక క్యాంపుకు ముందు వారమంతా సరిగా నిద్రపోలేదు. ఒక పొద్దున వంటింట్లో పెనం కిందపడితే ఉలిక్కిపడి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి ఆర్డిస్ అతన్నే చూస్తోంది. ఆ మధ్యాహ్నం ఊళ్ళో పనుందని బండి వేసుకుని వెళ్ళి చీకటిపడే వేళకు వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నానికి టెంటు లేచింది, ఇనుప పొయ్యి రాజుకుంది. చుట్టూ లార్చ్ చెట్ల ఆకులు పసుపుపచ్చగా రాలుతున్నాయి. ముగ్గురూ రైఫిళ్ళతో తమ ప్లేట్లు నెగ్గారు. ఓరిన్ ఇరవై అంగలు కొలుచుకుని నిలబడ్డాడు. అతనికి ఒంటిచేత్తో ఇబ్బందని లైల్ మూడు తూటాలు పెట్టి రివాల్వర్ చేతికిచ్చాడు.

మొదటిది పేలింది. ప్లేటుకు మూరెడు కింద బెరడు లేచిపోయింది. రెండోసారి గురి పెట్టి, ఊపిరి బిగబట్టి, నొక్కాడు. టక్కుమంది, అంతే. పేలలేదు. కానీ పేలినట్టే గొట్టం బెత్తెడు కిందికి తూలింది, ఓరిన్ కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. లైల్ చక్రం రెండో గదిలో తూటాకు బదులు కాల్చేసిన ఖాళీ గుల్ల పెట్టాడు. కొత్తగా కాల్చేవాళ్ళ జంకు పట్టుకోవడానికి ఓరిన్ స్వయంగా ఆ ముగ్గురికీ నేర్పిన కిటుకు అది.

ముగ్గురూ చూశారు. ఓరిన్‌కు మొహమంతా వేడెక్కింది. రివాల్వర్‌ను జాగ్రత్తగా మొద్దు మీద పెట్టి వాళ్ళ వైపు తిరక్కుండా నిలబడ్డాడు. వెనక నుంచి లైల్ నెమ్మదిగా అడిగాడు.

"నుదుటి మీద దెబ్బ అలమర తలుపుదన్నావు."

"అన్నాను."

"మీ ఇంట్లో అలమరకి తలుపుల్లేవు కదరా."

ఓరిన్ తిరిగి చూసేసరికి లైల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. జుట్టు మొదలయ్యే చోట తెల్లటి అర్ధచంద్రం ఉంది. ఓరిన్ నుదుటి మీద ఉన్నదాని అన్నగారిలా ఉంది.

"ఆగస్టులో రెండ్రోజులు మా ఇంట్లో దాచాం," అన్నాడు లైల్. "ఎలా ఉందో చూద్దామని ఒక్కటి కాల్చాను. ఒక్కటే. మళ్ళీ ముట్టుకోలేదు."

నోరీన్ అన్నకేసి తెల్లబోయి చూసింది. తర్వాత తన మణికట్టు వైపు చూసుకుంది.

"ఓరి నీ... నాకు చెప్పలేదేంట్రా అన్నయ్యా? నువ్విచ్చాక నేను కూడా ఒకటి కాల్చాను. స్టీరింగూ లేదు, పాడూ లేదు."

ఇద్దరూ వెల్డన్ వైపు తిరిగారు. అక్షరాలు చెక్కించడానికి రివాల్వర్‌ను పట్నం తీసుకెళ్ళింది అతనే. వెల్డన్ చెవుల మీది మూతలు తీసి, తన షెడ్డు రేకుల కప్పు కిందే కాల్చానని, రెండు వారాల పాటు పెళ్ళాం తిట్లు ఒక్కటీ వినపడలేదని, ఆ మాత్రం లాభం ఉందని ఒప్పుకున్నాడు.

"ఇంత తెలిసీ నాకెందుకిచ్చార్రా?" అన్నాడు ఓరిన్.

"మాకే చాతకాలేదనుకున్నాం," అన్నాడు లైల్. "నువ్వు మాకన్నా మొండిఘటానివి కదా, నీకు లెక్కలేదనుకున్నాం."

ముందు నోరీన్‌కు నవ్వొచ్చింది. తర్వాత నలుగురూ మొద్దుల మీద కూలబడి పొట్టలు పట్టుకు నవ్వారు. ముగ్గురూ ఎవరికి వాళ్ళు దెబ్బ తిని, ఎవరికి వాళ్ళు దాచి, నాలుగోవాడికి బహుమతిగా ఇచ్చారు. నాలుగోవాడు దెబ్బ తిని వాళ్ళ దగ్గరే దాచాడు. ఇంతకన్నా ప్రేమగా ఎవరూ ఎవరినీ తన్నించి ఉండరు.

ఈ ఏటికి నియమం పక్కన పెడదామని వెల్డన్ అన్నాడు. ఓరిన్ ఒప్పుకోలేదు. ఆ జింక పేరు మీద పెట్టిన నియమం అది, తన కోసం తానే సడలించుకుంటే ఇక దానికి విలువేముంది అన్నాడు. వంట తనదే అని చెప్పి టెంటులోకి వెళ్ళాడు.

బంగాళదుంపలు ఒంటిచేత్తో చెక్కు తియ్యడానికి అతను చేసుకున్న మేకుల పలక ఒకటుంది. మేకుకు దుంప గుచ్చి చకచకా గీసి ఉడకేశాడు. గ్రేవీకి మైదా కావాలని ఆర్డిస్ సర్దిన పిండి డబ్బా తెరిచి గరిటె ముంచాడు. గరిటెకు ఏదో గట్టిగా తగిలింది. తవ్వి తీస్తే ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అట్టపెట్టె, దాని మీద ఒక చీటీ.

"ఇది నీకు దొరికిందంటే వంట నీదే అన్నమాట. ఇవి పొట్టివి, మెత్తగా ఉంటాయట, కొట్లో ఆవిడ చెప్పింది. జింకకి ఇవి చాలట. ప్లేటు నెగ్గి ఉంటే నీకీ డబ్బాతో పనే ఉండేది కాదు, నేను నోరెత్తేదాన్నీ కాదు. పిండి దులిపి వాడు. ఆర్డిస్."

ఓరిన్ పొయ్యి వెలుగులో ఆ చీటీ మళ్ళీ చదివాడు. తలుపుల్లేని అలమర గుర్తొచ్చింది. పెనం పడిన పొద్దున గుర్తొచ్చింది. తను ఓడిపోతే అవమానం పడకుండా, నెగ్గితే అనుమానం రాకుండా, సరిగ్గా పిండి డబ్బాలో పెట్టింది మహాతల్లి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు ఇంకా తరగలేదు కాబట్టి వాటి మీదికి నెట్టడానికి కూడా లేకపోయింది.

భోజనాలప్పుడు అతను చిల్లుల్లేని తన ప్లేటు తీసుకున్నాడు. లైల్ తన చిల్లుల ప్లేటు పక్కన పెట్టి, కట్టలోంచి కొత్తది లాగాడు. ఆ రివాల్వర్‌తో నేనూ తప్పినవాడినే అన్నాడు. నోరీన్, వెల్డన్ కూడా కొత్తవి తీసుకున్నారు. ఆ రాత్రి క్యాంపులో నలుగురూ ప్యాంటు మీద చుక్క పడకుండా తిన్నారు. ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

మర్నాటి నుంచి పొద్దున వాళ్ళు అడవిలోకి వెళ్ళేవాళ్ళు. మధ్యాహ్నం తిరిగొచ్చాక లైల్ పక్కన కూర్చుని, మెత్తటి తూటాల మధ్య ఖాళీ గుల్లలు కలిపి, ఏది ఎక్కడుందో చెప్పకుండా ఓరిన్‌కు అందించేవాడు. మణికట్టు ఆనించుకోవడానికి వెల్డన్ పంగలకర్ర ఒకటి చెక్కిచ్చాడు. జంకు ఒక్కరోజులో పోలేదు. శనివారం గొట్టం బెత్తెడు తూలింది, ఆదివారం రెండు వేళ్ళు తూలింది. సోమవారం ఖాళీ గుల్ల మీద టక్కుమన్నప్పుడు గొట్టం కదల్లేదు. లైల్ ఓరిన్ భుజం మీద ఒక్కటి చరిచాడు, అది రివాల్వర్ కన్నా గట్టిగా తగిలింది.

మంగళవారం ఇరవై అంగల నుంచి మూడూ ప్లేటులో పడ్డాయి. ఆ పూట వంట నోరీన్ చేసింది, గ్రేవీ కావాలనే పల్చగా కాచింది. ఓరిన్ మోకాళ్ళ మీద ప్లేటు పెట్టుకున్నాడు. మూడు ధారలు కారాయి. చుర్రుమంటున్నా జరగలేదు.

"మీకొకటి చెప్పాలి," అన్నాడు. "ఈ తుపాకీ నన్ను తంతోందని చెప్పకపోవడమే మర్యాద అనుకున్నాను. తప్పు. మీరు నన్ను మళ్ళీ ఇక్కడికి పిలిచారు. అది గొట్టం మీద చెక్కించి మరీ పిలిచారు. నాకింకేం కావాలి? పెద్ద తూటాలు ఎలుగుబంటి వస్తే దానికి దాచాను. మీ ముగ్గురికీ చాలా థాంక్స్."

"చల్లారిపోతోంది, తిను," అంది నోరీన్ మొహం అటు తిప్పుకుని.

బుధవారం నుంచి అతను వాగు పక్క మొద్దు మీద పంగలకర్ర ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గురువారం పెద్ద కొమ్ముల మగజింక వచ్చి నలభై అంగల దూరంలో నిలబడింది. రైఫిల్ రోజుల్లో అయితే ఇంటికి వచ్చినట్టే. ఓరిన్ రివాల్వర్ తియ్యలేదు, కూర్చుని చూశాడు. దాని ముక్కులోంచి ఆవిరి వస్తోంది, చెవి మీద పాత చీలిక ఉంది. నలభై ఏడేళ్ళ వేటలో ఒక జింకను అంతసేపు ఊరికే చూసింది లేదు. ఇరవై అంగల మనిషిని చేసి ఈ రివాల్వర్ తనకు మంచే చేసిందనిపించింది.

శనివారం సాయంత్రం, ఇక వెలుతురు గంటే ఉందనగా, చిన్న కొమ్ముల జింక ఒకటి నీళ్ళకు దిగింది. పదిహేను అంగలు. పక్కకు తిరిగి నిలబడింది. మణికట్టు పంగలో ఆనింది, కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒకే తూటా. జింక నాలుగడుగులు వేసి వాగు ఒడ్డునే పడిపోయింది. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మెడ మీద చెయ్యి వేసి, వెచ్చదనం తగ్గేదాకా అలాగే ఉన్నాడు. ముప్పై ఏళ్ళ కిందటి ఆడజింకకు కూడా అప్పుడే క్షమాపణ చెప్పుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం లైల్ బండి ఇంటి ముందు ఆగేసరికి ఆర్డిస్ వరండాలో ఉంది. ఓరిన్ దిగాడు. వెనక టార్పాలిన్ కింద జింక ఉందని చెప్పబోయాడు. ఆర్డిస్ బండి వైపు చూడనే లేదు. అతని మోకాళ్ళ వైపు చూసింది.

"మూడున్నాయి," అంది.

"మూడూ."

"పిండి దులిపావా?"

"దులిపాను," అన్నాడు ఓరిన్. ఇంకా చాలా చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చాడు. తీరా ఆమె ఎదురుగా నిలబడ్డాక నుదుటి మీది గాటును చేత్తో తడుముకున్నాడు. "అలమర తలుపు కాదు, ఆర్డిస్. నీకు ముందే చెప్పాల్సింది. నువ్వుండబట్టి మళ్ళీ అడవి చూశాను."

ఆర్డిస్ కళ్ళు తుడుచుకుని, ఆ ప్యాంటు విప్పి ఇమ్మంది. వారం నాటి గ్రేవీ, ఇప్పుడే నానబెట్టకపోతే ఎప్పటికీ వదలదంది.

"వదలక్కర్లేదు," అన్నాడు ఓరిన్. "అలాగే ఉండనీ."